ఇల్లు పగలగొడుతుంటే పుస్తకం రాయడం ఎలా

బాత్రూమ్ గోడలో పైపు పగిలి చెమ్మ పడగ్గది దాకా పాకింది. సరిగ్గా అదే వారం నా కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. పుస్తకం గడువు ఇంకా పదకొండు వారాలు. దీపాల చరిత్ర అది, పద్నాలుగు అధ్యాయాలకు తొమ్మిది అయ్యాయి. ఉద్యోగమైతే సెలవు పెట్టి పడుకునేదాన్ని. రాసుకుని బతికేవాళ్లకు సెలవిచ్చేదీ తామే, జీతం కోసేదీ తామే.

మొదట నేను చేసిన పని ఏమిటంటే, ‘రోజుకు వెయ్యి పదాలు’ అని కాగితం మీద రాసి గోడకు అంటించుకోవడం. మూడో రోజున ఆ గోడనే పగలగొట్టారు. ఆ వారం మొత్తానికి నాలుగు వందల పదాలు రాశాను, వాటిలోనూ సగం కొట్టేశాను. అప్పటికి బుద్ధొచ్చింది. రోజుకింత అని లెక్క పెట్టుకోవడం కాదు, ఏ పనికి ఎంత తల కావాలో చూసి పనుల్ని వేరు చేసుకోవాలి.

ఒక సాయంత్రం కూర్చుని పుస్తకంలో మిగిలిన పనులన్నీ చీటీల మీద రాసి మూడు కుప్పలు పెట్టాను. తల మొత్తం కావాల్సినవి: కొత్త అధ్యాయం రాయడం, అతకని పేరాను విప్పి మళ్లీ కట్టడం. సగం తల చాలేవి: తేదీలు, పేర్లు సరిచూడటం, బొమ్మల కింద రాతలు, ఫొటోలకు అనుమతి అడిగే ఉత్తరాలు. ఇక తల అక్కర్లేనివి: బిల్లులు పంపడం, ఫైళ్ల పేర్లు సరిచేయడం, రాతప్రతిని ఇంకోచోట కాపీ పెట్టుకోవడం. మీరూ చీటీలే వాడండి. కంప్యూటర్‌లో జాబితా చేస్తే దాన్ని అందంగా సర్దడానికే ఒక పూట పోతుంది.

కుప్పలు తయారయ్యాక మేస్త్రీ దగ్గరికి వెళ్లాలి. ఈ ఉపాయం నాకు ఎవరూ చెప్పలేదు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ‘ఎప్పటికి అయిపోతుంది?’ అని అడగకండి. ఆ ప్రశ్నకు ఎక్కడైనా ఒకటే జవాబు, ‘నాలుగు రోజుల్లో’ అని. ‘ఏ రోజు ఏ మిషన్ వాడతారు?’ అని అడగండి. మా మేస్త్రీ గోడ మీదే పెన్సిల్‌తో రాసి చూపించాడు. పాత టైల్స్ ఊడగొట్టడం, పైపు కోసం గోడలో గాడి తీయడం: మహా చప్పుడు. తర్వాత నీళ్లు దిగకుండా పూత పూస్తారు, అది ఆరేదాకా ఆగాలి. ‘ఆరాక నీళ్లు నింపి వదిలేస్తాం మేడమ్. ఒకట్రెండు రోజులు కింద చెమ్మ దిగుతుందేమో చూడాలి. అప్పుడు మాకేం పని ఉండదు’ అన్నాడు. ఆయనకు పని లేని రోజంటే నాకు పండగే కదా! ఆ తర్వాత టైల్స్ కోసే మిషన్, మళ్లీ గోల. అతికించాక సందులు నింపే ముందు ఒకరోజు విరామం. లెక్క వేస్తే పదహారు రోజుల పనిలో చెవులు చిల్లులు పడే రోజులు ఆరే. నేనేమో పదహారు రోజులూ పోయాయని ఏడుస్తూ కూర్చున్నాను.

నీళ్లు నింపిన రెండు రోజులకూ మొదటి కుప్ప చీటీలు పెట్టుకున్నాను. పదో అధ్యాయంలో సగం అక్కడే పడింది. మిషన్ రోజులకు మూడో కుప్ప, మధ్యలో అడపాదడపా సుత్తి దెబ్బలుండే రోజులకు రెండో కుప్ప.

మాటిమాటికీ ఎవరో ఒకరు పిలుస్తారు. ‘మేడమ్, ఈ కుళాయి ఎంత ఎత్తులో?’ లేవక తప్పదు. లేచే ముందు వాక్యం పూర్తి చేయాలని తాపత్రయపడకండి, తర్వాత ఏం రాయబోతున్నారో ఒక్క ముక్క గీకి లేవండి. 1807లో లండన్ పాల్‌మాల్ వీధిలో గ్యాస్ దీపాలు వెలిగించిన ఘట్టంలో ఉండగా నన్ను పిలిచారు. ‘వెలుగు చెప్పాను, ఇప్పుడు వాసన చెప్పాలి’ అని రాసి వెళ్లాను. నలభై నిమిషాల తర్వాత వచ్చినా దారి దొరికింది. అలా రాసుకోని రోజుల్లో మొదటి పేజీ నుంచి చదువుకుంటూ రావడమే సరిపోయేది.

ఇయర్‌ప్లగ్‌లు పనిచేయవని నేనూ అనుకునేదాన్ని. పెట్టుకోవడం రాక అలా అనుకున్నాను. నురగ రకమైతే వేళ్లతో పుల్లలా సన్నగా నలిపి, రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవి పైకొసను పైకి, వెనక్కి లాగి లోపలికి దూర్చాలి. అది ఉబ్బి చెవిని పూర్తిగా మూసేదాకా అర నిమిషం వేలితో అదిమి పట్టాలి. చెవి బయట బిరడాలా వేలాడుతుంటే సరిగా పెట్టుకోనట్టే.

చేతి సంగతి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కుతుంటే అది మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతున్న సూచన కావచ్చు. చిటికెనవేలైతే నరమే వేరు, ఎక్కువగా మోచేతి దగ్గర తేడా ఉంటుంది. ఏ వేలు, ఏ వేళప్పుడు అని వారం రోజులు రాసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నాకు తెల్లవారుజామున మెలకువ వచ్చి చెయ్యి విదిలిస్తే గానీ తగ్గేది కాదు. ఆ ఒక్క ముక్క వినగానే డాక్టర్ సగం తేల్చేశారు. నిద్రలో మణికట్టు మడతపడితే ఆ నరం మీద ఒత్తిడి పెరుగుతుందట. మణికట్టు తిన్నగా ఉండేలా రాత్రిళ్లు స్ప్లింట్ కట్టుకోమన్నారు. మూడో వారానికి రాత్రి మెలకువలు తగ్గాయి. పట్టు సడలుతుంటే, చేతిలోంచి వస్తువులు జారిపోతుంటే మాత్రం పుస్తకం అయ్యాక చూద్దాంలే అనకండి.

బల్ల దగ్గర మార్చింది ఒక్కటే. లాప్‌టాప్ కింద పుస్తకాలు పేర్చి తెరను కళ్ల ఎత్తుకు తెచ్చి, వేరే కీబోర్డు పెట్టుకున్నాను. తెర పైకి లేపి లాప్‌టాప్ కీబోర్డు మీదే కొడితే మణికట్టు ఇంకా పాడవుతుంది. కళ్లకు 20 నిమిషాలకోసారి, 20 అడుగుల దూరంలోని దేన్నయినా 20 సెకన్లు చూడమంటారు. నాకు ఎదురుగా ఉన్నది సిమెంటు బస్తాలే, వాటినే చూశాను.

చెయ్యి నొప్పి అనగానే అందరూ ఇచ్చే సలహా, ‘ఫోన్‌కు చెప్పి రాయించు’ అని. టైల్స్ కోసే గ్రైండర్ తిరుగుతున్న ఇంట్లో చెప్పి చూడండి, ఏం పడుతుందో! ‘నూనె దీపం’ అంటే ‘నువ్వే తీపి’ అని పడింది. చివరికి ఫోన్ పట్టుకుని మేడ మీదికి వెళ్లి, నడుస్తూ చెప్పాను. చెప్పి రాయించిన వచనం నీళ్లగా ఉంటుంది, చెప్పిందే మళ్లీ చెబుతాం. చిత్తుకు పనికొస్తుంది, తుది ప్రతికి కాదు. నేను దాంట్లో మూడోవంతు ఉంచాను.

దుమ్ము: తలుపు కింద తడిగుడ్డ దూర్చండి, గుమ్మానికి ప్లాస్టిక్ షీటు కట్టండి. చీపురుతో ఊడవకండి, తడిబట్టతో తుడవండి. టైల్స్, సిమెంటు పొడిలోని సిలికా ఊపిరితిత్తులకు మంచిది కాదు. వీలైతే నీళ్లు పోస్తూ కోయమని అడగండి.

ఇక అందరూ వాయిదా వేసే పని, ఎడిటర్‌కు చెప్పడం. నేను రెండు వారాలు నాన్చాను. చివరికి పంపింది ఇదీ: ‘తొమ్మిది అధ్యాయాలు జత చేస్తున్నాను. ఇంటి మరమ్మతు, చేతి నొప్పి వల్ల మిగతా ఐదూ ఒకేసారి అందవు. పది, పదకొండు, పన్నెండు పాత గడువుకే ఇస్తాను, చివరి రెండూ ఆపైన నాలుగు వారాల్లో. ఇలా ముక్కలుగా తీసుకుని ఎడిటింగ్ మొదలుపెట్టడం మీకు కుదురుతుందా?’ సంజాయిషీ ఒక్క వాక్యమే, మిగతాదంతా ఏది ఎప్పుడు అన్నదే. ఎడిటింగ్, పేజీలు కట్టడం, ప్రూఫులు, ప్రెస్సు, అన్నిటికీ ముందే వేళలు కుదుర్చుకుని ఉంటారు. రెండు నెలల ముందు చెబితే అటూ ఇటూ జరపగలరు, ఆఖరి వారంలో చెబితే జరపలేరు. ఆవిడ మర్నాడే ‘సరే’ అంది. ఆ జవాబును ఒప్పందం కాగితాల పక్కనే దాచుకున్నాను, ఫోన్‌లో అనుకున్న గడువు ఎవరికీ గుర్తుండదు. రాతప్రతి అందాక రావాల్సిన డబ్బు కూడా అన్ని వారాలూ వెనక్కి జరుగుతుంది, అది ముందే లెక్క వేసుకోండి. ఆ లోటు కోసం ఒక చిన్న ప్రూఫ్ పని ఒప్పుకున్నాను, రెండు వ్యాసాలు వద్దన్నాను. వద్దన్నవాటిలో ఒకటి ఇప్పటికీ మనసులో పీకుతుంది.

పని పూర్తయి మేస్త్రీ వెళ్లిపోయిన రోజున పోయిందంతా రాబట్టాలన్న ఆవేశం వస్తుంది. నేను ఆ రోజు ఆరు గంటలు కొట్టాను, రాత్రికి వేళ్లు మళ్లీ మొద్దుబారాయి. మర్నాటి నుంచి గంటన్నర రాత, ఆపైన చీటీల్లో రెండో కుప్ప. పన్నెండో అధ్యాయం గడువుకు ఒకరోజు ముందే వెళ్లింది. కొత్త బాత్రూమ్‌లో కుళాయి మాత్రం నేను చెప్పినదానికంటే జానెడు ఎత్తులో ఉంది, అడిగినప్పుడు పాల్‌మాల్ వాసనలో ఉన్నాను మరి.