కొత్త సిక్లిడ్లను వదిలే ముందు బండలు మార్చండి

ఆఫ్రికాలోని మలావీ సరస్సులో రాళ్ల మధ్య బతికే ఎంబూనా సిక్లిడ్ చేపల అక్వేరియంలో కొత్త చేపను వదిలామంటే, రాళ్ల సందును సొంతం చేసుకున్న మగచేప దాన్ని మూలకు తరిమి తోక చీలేదాకా కొరుకుతుంది. కడపలోని మా ఇంట్లో నేను సాయంత్రం మేత వేశాక, నల్లటి కడప బండ ముక్కలన్నింటినీ తీసి, పాత హద్దులు చెరిగిపోయేలా చోట్లు మార్చి, చేపల కంటే రెండు మూడు గూళ్లు ఎక్కువ ఉండేలా పేర్చి, దీపం ఆర్పిన తరువాతే కొత్తవాటిని నాలుగైదు కలిపి వదులుతాను. మరునాటి ఉదయం వరకు దీపం వేయను. ఈ బండ సున్నపురాయి కనుక కఠిన జలాన్ని (ఖనిజ లవణాలు ఎక్కువున్న నీటిని) కోరే ఈ చేపలకు మేలే. ఇవి ఇసుకను తవ్వుతాయి కాబట్టి బండలను ఇసుక మీద కాక అడుగు అద్దానికే ఆనించాలి. అయితే, దవడ కింద ఉబ్బి మేత ముట్టని ఆడచేప ఉంటే అది నోట్లో గుడ్లు పొదుగుతున్నట్లే. అలా పొదిగే సుమారు మూడు వారాలలో బండలు కదిపితే బెదిరి గుడ్లను ఉమ్మివేయవచ్చు.