రెండు ఎస్‌యూ కార్బరేటర్లకు పొత్తు కుదిరిన వైనం

మావయ్య 1967 ఎంజీబీ (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) చెన్నై నుంచి బెంగళూరు వచ్చాక మొండికేసింది. దీనికి ఎస్‌యూ కంపెనీ కార్బరేటర్లు (గాలిలో పెట్రోలు కలిపే భాగాలు) రెండు: ముందుది ముందు రెండు సిలిండర్లకి, వెనకది వెనక రెంటికీ. ఐడ్లింగులో వణుకు, సైలెన్సర్లో నల్లపొగ. ఇక్కడ ఎత్తు 900 మీటర్ల పైమాటే, గాలి పలచన; పెట్రోలు పాలు పెరగడం మామూలే. కానీ వెనక రెండు ప్లగ్గులే మసిబారాయి. ఎత్తే కారణమైతే నాలుగూ నల్లబడాలి కదా!

జేసీ రోడ్డులో స్పేర్లు అమ్మే హిందూపురం పెద్దాయన, "ముందు వాల్వులు, పాయింట్లు చూసుకో నాయనా, కార్బరేటర్ జోలికి తర్వాత పో" అన్నాడు. అక్షరాలా నిజం. వాల్వుల సందు, స్పార్కుకి పనికొచ్చే పాయింట్లు సరిచేసి, డాష్‌పాట్లలో (కార్బరేటర్ పైన ఉండే నూనె గొట్టాల్లో) నూనె పోశాను.

ఇంజిన్ వేడెక్కాక ఎయిర్ ఫిల్టర్లు తీసి, రెండు థ్రాటిళ్లను (గాలిని అదుపు చేసే మూతలను) కలిపే క్లాంపులు వదులు చేశాను. అవి బిగించి ఉంటే ఒక స్క్రూ తిప్పినా రెండూ కదులుతాయి, ఎంత తిప్పినా దండగే. రబ్బరు గొట్టం ఒక కొస చెవికి, ఇంకో కొస కార్బరేటర్ నోటికి. ముందుది సన్నగా 'స్స్' అంటోంది, వెనకది బుసకొడుతోంది. రెండూ ఒకే శ్రుతిలోకి వచ్చేదాకా థ్రాటిల్ స్క్రూలు సర్దాను. గాలి కొలిచే మీటరు దొరుకుతుంది గానీ, నాకు చెవే నమ్మకం.

తర్వాత గాలి, పెట్రోలు మిశ్రమం. కార్బరేటర్ లోపలి పిస్టన్‌ని మిల్లీమీటరు లోపే ఎత్తి చూడాలి: వేగం పెరిగి అలాగే నిలిస్తే పెట్రోలు ఎక్కువ, ఇంజిన్ ఆగబోతే తక్కువ, కాస్త పెరిగి సర్దుకుంటే సరి. వెనకదాంట్లో పెట్రోలు తగ్గించడానికి జెట్ నట్టును (పెట్రోలు వచ్చే జెట్‌ని పైకీ కిందికీ జరిపేది) ఒక్కో పలక చొప్పున పైకి బిగించాను. మిశ్రమం మారితే గాలి లెక్కా చెదురుతుంది, అందుకని మళ్లీ గొట్టం పట్టాను. చివర్లో క్లాంపులు బిగించి, రెండు థ్రాటిళ్లూ ఒకేసారి కదులుతున్నాయో లేదో వేలితో చూసుకున్నాను.