టేబుల్ సా (బల్ల రంపం) మీద అడ్డకోత (చెక్క నారకు అడ్డంగా కోయడం): స్విచ్ వేసే ముందు

☐ ముందు ప్లగ్ తీసేయండి. బ్లేడును పూర్తిగా పైకి లేపి, చెక్కను కోణం తప్పకుండా ఆనించి తోసే మైటర్ గేజ్‌కీ బ్లేడుకీ మధ్య మూలమట్టం పెట్టి 90 డిగ్రీలు ఉందో లేదో చూడండి. మూలమట్టం పళ్లకు తగలకుండా బ్లేడు నున్నటి భాగానికే ఆనాలి. గేజ్ మీది అంకెల్ని నమ్ముకోవద్దు.

☐ తర్వాత బ్లేడు దించండి. పళ్లు చెక్క పైకి 3 నుంచి 6 మిల్లీమీటర్లు కనిపిస్తే చాలు. రైవింగ్ నైఫ్ (బ్లేడు వెనక ఉండి, కోసిన చీలిక మూసుకోకుండా ఆపే రేకు), గార్డు (బ్లేడు మీది రక్షణ కవచం) ఉండాల్సిందే.

☐ ఫెన్స్‌ను (బ్లేడుకు సమాంతరంగా ఉండే అడ్డుపట్టీని) దూరంగా జరపండి. కొత్తవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. చెక్క చివరను ఫెన్స్‌కి ఆనించి మైటర్ గేజ్‌తో తోస్తే, తెగిన ముక్క బ్లేడుకీ ఫెన్స్‌కీ మధ్య ఇరుక్కుని మెలి తిరుగుతుంది, రివ్వున మీ మీదికే వస్తుంది. ఒకే కొలతలో చాలా ముక్కలు కావాలా? ఫెన్స్‌కి, బ్లేడు కంటే బాగా ఇవతలే, ఒక చెక్క దిమ్మ బిగించండి. కోత మొదలయ్యేలోపే చెక్క ఆ దిమ్మను దాటిపోవాలి.

☐ గీత మీద కాదు, గీత పక్కన వృథా పోయే వైపు కోయండి. మామూలు బ్లేడు 3 మిల్లీమీటర్ల దాకా తినేస్తుంది.

☐ రక్షణ కళ్లద్దాలు పెట్టుకోండి. గ్లవ్స్ మాత్రం వద్దు, బ్లేడుకు తగిలితే చేతినీ లాగేస్తాయి.

☐ బ్లేడుకు ఎదురుగా నిలబడకండి. తెగిన ముక్క ఎంత చిన్నదైనా, బ్లేడు పూర్తిగా ఆగాకే తీయండి.