ఇంగ్లీషు మాటలు వచ్చు కానీ వాక్యం రావట్లేదా? ఇలా మొదలుపెట్టండి

ఒంగోలు నుంచి నెల్లూరు దాకా ఏ బస్టాండులో నిలబడి విన్నా సరే, నాకు ఇంగ్లీషు రాదు అనే మనిషి నోట్లోంచే టికెట్, రీఛార్జ్, లోన్, ఓటీపీ, డ్యూటీ, అర్జెంట్, టెన్షన్ అన్నీ వస్తుంటాయి. మాటలకేం కరువు లేదు. వాటిని కలిపే చిన్న ముక్కలే మనకి తగులుకోవు. అందుకే రోజుకి పది కొత్త మాటలు బట్టీ పట్టమనే పద్ధతి నాకు నచ్చదు, పది రోజులకి వంద మాటలు వస్తాయి కానీ బ్యాంకు కౌంటర్ దగ్గర ఒక్క వాక్యం కూడా బయటికి రాదు.

ముందు ఒక ముక్క పట్టుకోండి. "ఐ డిడ్ నాట్ గెట్" అంటే నాకు రాలేదు, అందలేదు అని. దీని పక్కన మీకు తెలిసిన మాట పెట్టండి: "ఐ డిడ్ నాట్ గెట్ ది ఓటీపీ", "ఐ డిడ్ నాట్ గెట్ ది రీఫండ్", "ఐ డిడ్ నాట్ గెట్ ది మెసేజ్". ఇలాగే "ఐ నీడ్" (నాకు కావాలి), "క్యాన్ యు" (మీరు చేయగలరా), "వేర్ ఈజ్" (ఎక్కడుంది), "హౌ మచ్ ఈజ్" (ఎంత). ఈ కాసిని నోట్లో తిరిగేదాకా కొత్తవాటి జోలికి పోవద్దు. వీటన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సింది ఇంకోటుంది, "సారీ, క్యాన్ యు సే దట్ అగైన్, స్లోలీ?" అంటే మళ్లీ కాస్త నెమ్మదిగా చెప్తారా అని. ఇది వస్తే సగం భయం పోతుంది, ఎందుకంటే అవతలివాళ్లు గబగబా మాట్లాడినా ఆపడానికి మీ దగ్గర ఒక మాట ఉన్నట్టే.

తర్వాత మీ పనికి తగ్గ వాక్యాలు రాసుకోండి. అందరికీ ఒకటే లిస్టు పనికిరాదు. చీమకుర్తి గ్రానైట్ యూనిట్లో పనిచేసేవాళ్లకి "దేర్ ఈజ్ ఎ క్రాక్ ఇన్ దిస్ బ్లాక్", "లోడింగ్ విల్ టేక్ టూ డేస్" కావాలి. రొయ్యల చెరువులవాళ్లకి కౌంట్ అంటే కిలోకి ఎన్ని తూగుతాయో అని ఎవరూ చెప్పక్కర్లేదు, కాబట్టి "వాట్ ఈజ్ ది రేట్ ఫర్ థర్టీ కౌంట్ టుడే?" అనడం ఒక పూట పని.

మనవైపు చాలామందికి అసలు పరీక్ష చెన్నై ఆసుపత్రుల్లో. అక్కడ తెలుగు తెలిసినవాళ్లు దొరుకుతారు కానీ ప్రతి కౌంటర్లో ఉంటారని నమ్ముకుని వెళ్లలేం కదా. అమ్మని తీసుకెళ్తున్నారనుకోండి, "వీ హ్యావ్ యాన్ అపాయింట్‌మెంట్ ఎట్ ఇలెవెన్", "షీ హ్యాజ్ బీపీ అండ్ షుగర్", "షీ హ్యాజ్ హ్యాడ్ ఫీవర్ ఫర్ త్రీ డేస్". చాలామంది ఇక్కడ "సిన్స్ త్రీ డేస్" అంటారు, మన దేశంలో అందరికీ అర్థమవుతుంది కూడా, అయినా ఎన్నాళ్లుగా అని చెప్పేటప్పుడు ఫర్ అలవాటు చేసుకోండి. మందుల దగ్గర "బిఫోర్ ఫుడ్ ఆర్ ఆఫ్టర్ ఫుడ్?" అని అడగండి. బయటికి వచ్చే ముందు "వెన్ షుడ్ వీ కమ్ అగైన్?", అర్థం కాకపోతే "ప్లీజ్ రైట్ ఇట్ డౌన్". ఈ ఆరూ కాగితం మీద తెలుగులోనే రాసుకుని జేబులో పెట్టుకోండి, తప్పేం లేదు.

గ్రామర్ పుస్తకం మొత్తం చదవక్కర్లేదు కానీ మన తెలుగు అలవాటు కాలికి అడ్డంపడేచోటు ఒకటుంది. నాకు ఆకలిగా ఉంది, నాకు జ్వరంగా ఉంది, నాకు తెలుసు, నాకు ఇద్దరు పిల్లలు. మనకి అన్నీ నాకుతోనే మొదలు. ఇంగ్లీషులో ఇవన్నీ ఐతో మొదలవుతాయి: "ఐ యామ్ హంగ్రీ", "ఐ హ్యావ్ ఫీవర్", "ఐ నో", "ఐ హ్యావ్ టూ చిల్డ్రన్". నాకు అని మనసులో రాగానే నోరు "టు మీ" అనబోతుంది, అక్కడ ఆపి ఐ అనండి. ఇంకోటి, డిడ్ వచ్చాక వెంట్ రాదు, "డిడ్ యు గో?" అంతే.

మర్యాద సంగతి. మనం అండీ, గారు తగిలించి నెట్టుకొస్తాం, ఇంగ్లీషులో ఆ పని "కుడ్", "ప్లీజ్" చేస్తాయి. "గివ్ మీ వాటర్" అంటే హుకుం జారీ చేసినట్టుంటుంది, "కుడ్ ఐ హ్యావ్ సమ్ వాటర్, ప్లీజ్?" అనండి. ఆఫీసుల్లో అంకుల్, ఆంటీ వద్దు.

పలకడంలో బస్సు, కారు, బ్యాంకు చివర ఉండే ఆ ఉకారం కొట్టేయండి, చాలావరకు బాగుపడుతుంది. క్యాన్, కాంట్ మధ్య తేడా మాత్రం చెవికి అలవాటు కావాలి. వాక్యం మధ్యలో క్యాన్ తేలిగ్గా కన్ అన్నట్టు జారిపోతుంది, కాంట్ గట్టిగా, సాగి వినపడుతుంది. వస్తానన్నాడో రానన్నాడో తేలేది అక్కడే!

ప్రాక్టీసుకి డబ్బు ఖర్చేం లేదు. ఒంగోలు స్టేషన్లో పినాకిని కోసం కూర్చున్నప్పుడు అనౌన్స్‌మెంట్ వినండి, అదే విషయం తెలుగులోనూ చెప్తారు, ఇంగ్లీషులోనూ చెప్తారు. రైలు లేటైతే "రన్నింగ్ లేట్" కూడా వచ్చేస్తుంది, మనకి ఆ అవకాశం తక్కువేం కాదు. ఇంట్లో పిల్లలు ప్రభుత్వ బడికి వెళ్తుంటే ఇంకా మంచిది, 2020 నుంచి రాష్ట్రంలో ఇస్తున్న ద్విభాషా పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. మూడో తరగతి పుస్తకం తీయండి, సిగ్గెందుకు? ఫోన్ కీబోర్డులో మైకు గుర్తు నొక్కి భాష ఇంగ్లీష్ ఇండియా పెట్టి వాక్యం చెప్పండి, మీరన్నదే తెర మీద పడితే మీ ఉచ్చారణ సరిపోయినట్టే. యూట్యూబ్‌లో వేగం 0.75కి తగ్గించి వినొచ్చు. బావ వరసవాళ్ల ముందు మాత్రం ప్రాక్టీసు పెట్టుకోకండి, పెళ్లిళ్ల దాకా గుర్తుపెట్టుకుని ఏడిపిస్తారు. కోచింగ్ సెంటర్లంటారా, క్లాసులో మీ చేత మాట్లాడిస్తేనే చేరండి, సారే గంటసేపు మాట్లాడితే ఇంగ్లీషు వచ్చేది సారుకే.

కాస్త ధైర్యం వచ్చాక కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఇంగ్లీషు నంబరు నొక్కండి. అవతలివాళ్లు మనల్ని ఎన్నడూ చూడరు, నవ్వినా మనకి కనపడదు. మరీ ఇరుక్కుపోతే దానికీ ఒక వాక్యం ఉంది: "క్యాన్ ఐ టాక్ టు సమ్‌వన్ హూ స్పీక్స్ తెలుగు?"