చిట్టెలుక మరిచిందా, ఈదలేకపోతోందా?

మతిమరుపు మందు పరీక్షలో నేను ముందు చూసేది చిట్టెలుక జ్ఞాపకాన్ని కాదు, కళ్లను. నీళ్ల తొట్టిలో ఎలుక ఎక్కి నిలబడేందుకు చిన్న అరుగు పైకి కనబడేలా పెట్టి వదులుతాను. దాన్నీ చేరలేదంటే చూపో, ఈతో దెబ్బతిన్నట్టే. ఆ ఎలుకను పక్కన పెట్టేస్తాను.

మిగిలినవాటికి దాచిన అరుగు చోటు గుర్తుంటుందా అన్నదే అసలు పరీక్ష. 1981లో మెదడు శాస్త్రవేత్త రిచర్డ్ మోరిస్ ప్రచురించిన పద్ధతి ఇది. నీళ్లలో తెల్లరంగు కలిపి, అరుగును నీటిమట్టానికి ఒక్క సెంటీమీటరు కింద దాచండి. చుట్టూ గోడలకు పెద్ద బొమ్మలు అంటించండి. దారికి అవే ఆనవాళ్లు. ఓసారి నా తెల్లకోటు తగిలించిన చోటు మార్చాను, ఆ రోజు ఎలుకలన్నీ తికమకపడ్డాయి! రోజుకు 4 సార్లు, ప్రతిసారీ వేరే అంచు నుంచి వదలండి. 60 సెకన్లలో దొరక్కపోతే మీరే అరుగెక్కించి, కాసేపు చుట్టూ చూడనివ్వండి. తర్వాత తువ్వాలుతో తుడిచి వెచ్చగా ఉంచండి.

మరపు మొదలైందని తేలాకే మందు ఇవ్వాలి. ముందే ఇస్తే అది నివారణ, పోయిన జ్ఞాపకాన్ని రప్పించడం కాదు. సగం ఎలుకలకు మందు లేని ద్రావణమే ఎక్కించండి. ఏ సిరంజిలో ఏముందో లెక్కించేవాళ్లకు తెలియకూడదు, నాకూ చెప్పొద్దంటాను.

చివరిరోజు అరుగు తీసేసి 60 సెకన్లు ఈదనివ్వండి. గుర్తులేని ఎలుక కూడా పాత అరుగున్న పావుభాగంలో దాదాపు 15 సెకన్లు తిరుగుతుంది. అంతకు మించి ఎంతసేపు వెతికిందో చూడండి.