పొద్దుగూకడం రాజమండ్రిలో, తెల్లారడం కొవ్వూరులో

గోదావరి చూడాలంటే అందరూ వరదప్పుడు పరిగెడతారు. నన్నడిగితే ధనుర్మాసంలో రావాలి. శని, ఆదివారాలు రెండూ చాలు. పక్కన ఒక్క స్నేహితుడు ఉంటే చాలు, నలుగురైతే నడకలా ఉండదు, మగపెళ్ళివారు తరలివెళ్ళినట్టుంటుంది. ఆ ఒక్కడూ కూడా ప్రతి టీ బడ్డీ దగ్గరా ఆగే రకమైతే మరీ మంచిది. మావాడు ఆ రకమే.

రాజమండ్రి నదికి తూర్పు గట్టున ఉంది, కొవ్వూరు పడమటి గట్టున. ఈ ఒక్క ముక్క బుర్రలో పెట్టుకుంటే మిగతా ప్లానంతా దానంతటదే కుదురుతుంది. సూర్యాస్తమయం రాజమండ్రి గట్టు మీంచి చూడాలి, సూర్యోదయం కొవ్వూరు రేవులోంచి. మేం మొదటిసారి తలకిందులు చేశాం. చీకటితోనే లేచి, మంకీ టోపీలు పెట్టుకుని పుష్కరాల రేవులో నది వైపు తిరిగి కూర్చున్నాం. సూర్యుడేమో మా వెనక మేడల మీంచి ఎప్పుడో వచ్చేశాడు. వీపు చురుక్కుమన్నాక తెలిసింది. "ఒరేయ్, పంచాంగం చూశావు గానీ దిక్కులు చూసుకోలేదురా" అన్నాడు మావాడు. ఇప్పటికీ అంటాడు.

శనివారం పొద్దున్న రాజమండ్రిలో దిగి గదిలో సామాను పడేసి ముందు ఊళ్ళోకి వెళ్ళండి, నది దగ్గరికి కాదు. వీరేశలింగం గారి ఇల్లు చూడండి. 1881 డిసెంబరు 11న ఆయన మొదటి వితంతు వివాహం జరిపించింది ఈ ఊళ్ళోనే. అదీ చలికాలమే. ఆయన కట్టించిన టౌన్‌హాలు కూడా ఉంది. కోటగుమ్మం దగ్గర రోజ్ మిల్క్ తాగాలి, చలేస్తున్నా సరే. భోంచేసి ఓ కునుకు తియ్యండి.

మూడున్నరకి కోటిలింగాల రేవులో మొదలుపెట్టి గట్టెమ్మట పుష్కరాల రేవుకి నడవండి. దారిలో మార్కండేయస్వామి గుడి. తీరిగ్గా నడిచినా గంటకి మించదు, టీలు కలిపితే గంటన్నర. మెట్ల చివర నీళ్ళు తగిలేచోట నాచు ఉంటుంది, అరిగిపోయిన చెప్పులతో దిగకండి. డిసెంబర్లో అయిదున్నర దాటితే సూర్యుడు ఉండడు, కాబట్టి అయిదింటికల్లా ఎక్కడో ఒక మెట్టు చూసుకుని కూలబడాలి. హేవ్‌లాక్ వంతెనని చూడాల్సిన వేళ అదే. 1900లో రైళ్ళకి తెరిచారు, 1997లో విశ్రాంతినిచ్చారు. దాని పక్కనే విల్లుల్లా వంగిన ఆర్చి వంతెన మీద రైళ్ళు పోతుంటే, ఈ ముసలాయన చేతులు కట్టుకుని చూస్తున్నట్టుంటాడు. చీకటి పడ్డాక హారతి చూసి పడుకోండి. కబుర్లు పెట్టుకుంటే పొద్దున్న లేవలేరు.

ఆదివారం ఆరింటికల్లా కొవ్వూరులో ఉండాలి. అంత పొద్దున్నే రైలు దొరికితే సరే, లేకపోతే రాత్రే ఆటో మాట్లాడుకోండి. రోడ్డు కం రైలు వంతెన మీద నడిచి వెళ్దామనే సరదా మాత్రం వద్దు. ఒకసారి ఆ పని చేశాం. నాలుగు కిలోమీటర్ల పైచిలుకు వంతెన, మంచులో పది గజాల ముందు ఏముందో కనపడదు. వెనకనించి లారీ హారన్ కొట్టినప్పుడల్లా ఇద్దరం పిట్టగోడకి అతుక్కుపోయాం. సగం దూరం వెళ్ళాక వెనక్కి తిరిగినా అంతే దూరం కదా అని ముందుకే నడిచాం.

కొవ్వూరులో గోష్పాద క్షేత్రం రేవు. గౌతముడి కథలో ఆవు గిట్ట ఆనిన చోటు ఇదే అంటారు, గోవూరే కొవ్వూరైందనీ అంటారు. మెట్ల మీద ఊరికే కూర్చోండి. ముందు ఏమీ ఉండదు, తెల్లగా మంచు, అంతే. అవతలి గట్టు లేదు, వంతెన లేదు. ఉన్నట్టుండి ఆ తెలుపులోంచి ధడధడమని రైలు పోతున్న చప్పుడు, రైలు మాత్రం కనపడదు. ఆరున్నర దాటాక తూర్పున ఎర్రగా ఒక మరక తేలుతుంది. తర్వాత స్తంభాలు ఒక్కొక్కటే బయటపడతాయి, నీళ్ళలోంచి మొలిచినట్టు. తొందరపడి టిఫినుకి లేవకండి. పెసరట్టు ఎక్కడికీ పోదు.

అక్కణ్ణించి రాజమండ్రి మీదుగా ధవళేశ్వరం. ముందు కొండమీద జనార్దనస్వామి గుడి ఎక్కి కిందికి చూడండి. కాటన్ దొర 1847లో ఆనకట్ట పని ఇక్కడే మొదలుపెట్టడానికి ఒక కారణం, రాయి దగ్గర్లోని కొండల్లోనే దొరకడం. 1852కి పూర్తయింది. కింద ఆయన పేరుతో మ్యూజియం ఉంది, అరగంట చాలు.

తర్వాత, ఆ పాత ఆనకట్ట స్థానంలో కట్టిన బ్యారేజీ మీద నడక. నేను ఇంత చెప్పింది దీనికోసమే. మొత్తం 175 గేట్లు. ఎగువ వైపు చూస్తే నిండు గోదారి, దిగువ వైపు చూస్తే ఇసక తిన్నెలు, మధ్యలో పాయలు, కొంగలు. ఈ చలి రోజుల్లో గేట్లు దించి నీళ్ళని దాళ్వాకి, అంటే రెండో పంట వరికి, కాలవల్లోకి మళ్ళిస్తారు, అందుకే రాజమండ్రిలో నది చలికాలంలోనూ నిండుగా కనిపిస్తుంది. వరదప్పుడు వస్తే రెండు వైపులా ఒకటే ఎర్రనీళ్ళు, ఈ తేడా తెలియదు. ఇక్కడ నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 17.75కి మూడోది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. కింద ఇసకలో కుర్రాళ్ళు క్రికెట్ ఆడుతుంటే ఆ అంకె నమ్మబుద్ధి కాదు.

నడుస్తూ తినడానికి తేగలు కొనుక్కోండి, పులస ఊసెత్తకండి, అది వానాకాలపు ముచ్చట. తేగ కొసన గోరు గుచ్చి రెండుగా చీలిస్తే మధ్యలో లేత మొవ్వ వస్తుంది, దాన్ని చందమామ అంటాం. దానికోసం మేమిద్దరం ఈ వయసులోనూ పోట్లాడుకుంటాం. పీచు నదిలో పడెయ్యకుండా జేబులో కాగితం పెట్టుకోండి.

సాయంత్రం రైలుంటే రెండు గంటల ముందే బ్యారేజీ వదిలెయ్యండి. షేర్ ఆటో నిండితే గానీ కదలదు. "ఒక్క మనిషి, ఒక్క మనిషి" అంటూ డ్రైవరు ముగ్గుర్ని ఎక్కిస్తాడు.