గోబర్ గ్యాస్ వస్తోంది, మంట నిలవడం లేదు: లోపం ఎక్కడ?

డ్రమ్ము పైకి లేచే ఉంటుంది. వాల్వు తిప్పితే గ్యాస్ బుస్సుమని వస్తుంది. అగ్గిపుల్ల పెడితే ఒక్క క్షణం నీలంగా వెలిగి ఆరిపోతుంది. చాలామంది ముందు బర్నర్ విప్పుతారు. ఒకసారి ఔట్‌లెట్ దగ్గరికి, అంటే గుంటలోని పేడనీళ్లు (స్లర్రీ) బయటికి వచ్చే చోటికి, వెళ్లి వాసన చూడండి.

సమస్య: గ్యాస్ అంటుకోవడం లేదు, స్లర్రీ పులిసిన వాసన వేస్తోంది

కారణం: పెళ్లి మర్నాడు మిగిలిన అన్నమంతా గుంటలో పోసిన ఇళ్లలో ఇది తరచూ కనిపిస్తుంది. గుంటలో కొన్ని బ్యాక్టీరియా పిండిని, పీచును విరగ్గొట్టి ఆమ్లాలు, హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. మీథేన్ చేసేవి వేరు. అవి బ్యాక్టీరియా కావు, ఆర్కియా అనే మరో వంశానికి చెందినవి. వాటికి ఆక్సిజన్ పడదు. వాటిలో ఒక వర్గం నాలుగు హైడ్రోజన్ అణువులను ఒక కార్బన్ డయాక్సైడ్ అణువుతో కలిపి, ఒక మీథేన్ అణువునూ రెండు నీటి అణువులనూ తయారుచేస్తుంది.

సాధారణంగా మీథేన్‌లో దాదాపు మూడో వంతే ఈ దారిన వస్తుంది, మిగతాది చాలావరకు ఎసిటిక్ ఆమ్లం నుంచి. అయినా గుంట ఆరోగ్యం ఈ మూడో వంతు మీదే నిలబడి ఉందని నా గట్టి నమ్మకం. హైడ్రోజన్‌ను ఎప్పటికప్పుడు ఖాళీ చేసేది ఈ జీవులే. అది వాతావరణ పీడనంలో సుమారు పదివేలో వంతుకు మించి పేరుకుంటే చాలు, ఆ ఆమ్లాల్లో ఒకటైన ప్రొపియానిక్ ఆమ్లం విరగడం ఆగిపోతుంది. ఆమ్లం నిలిచేకొద్దీ మీథేన్ జీవులు మరింత కుంగిపోతాయి. అన్నం తినే బ్యాక్టీరియా గంటల్లో రెట్టింపవుతాయి. మీథేన్ జీవుల్లో కొన్నింటికి రోజులు పడుతుంది. బాగా నడిచే గుంట గ్యాస్‌లో మీథేన్ 55 నుంచి 65 శాతం ఉంటుంది. అది తగ్గి కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మంట నిలవదు.

పరిష్కారం: గుంటకు మేత ఆపండి. పేడ కూడా వేయవద్దు. పులుపు ఎంతుందో చూపే పీహెచ్ కాగితం స్లర్రీలో ముంచి చూడండి: 6.8 నుంచి 7.5 మధ్య ఉంటే మంచిది, 6.5 కంటే తగ్గితే గుంట పులిసినట్టే. బాగా మండుతున్న పొరుగువారి ప్లాంటు నుంచి నాలుగైదు బకెట్ల స్లర్రీ తెచ్చి పోయండి, మీథేన్ జీవులు అందులో సిద్ధంగా ఉంటాయి. మంట నిలబడ్డాకే పేడ, నీళ్లు సమపాళ్లలో కలిపి, మామూలు మోతాదులో పావు వంతుతో మొదలుపెట్టండి.

సున్నం పోయమని అందరూ చెబుతారు. తొందరపడవద్దు. సున్నం కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేస్తుంది, మీథేన్‌లో ఆ మూడో వంతుకు అదే ముడిసరుకు. తప్పనిసరైతే తినే సోడా మేలు. అదీ కొద్దికొద్దిగా, రోజూ కాగితంతో పరీక్షిస్తూ.

సమస్య: కొత్త ప్లాంటు, మొదటి గ్యాస్ మండడం లేదు

అందులో గాలి, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. ఆరుబయట వదిలేయండి. గాలి కలిసిన మీథేన్ పేలగలదు కాబట్టి ఆ దరిదాపుల్లో నిప్పు వద్దు.

సమస్య: చలికాలంలో గ్యాస్ పడిపోయింది

ఈ జీవులకు 35 డిగ్రీల వేడి హాయి. 15 కంటే తగ్గితే పని దాదాపు ఆగిపోతుంది. ఆదిలాబాద్ వంటి చోట్ల శీతకాలం రాత్రులు గుంట మీద వరిగడ్డి మందంగా కప్పండి. పేడ కలిపే నీళ్లను మధ్యాహ్నం దాకా ఎండలో ఉంచి వాడండి, గుంటకు వేసే మేత కొంత తగ్గించండి.

సమస్య: కొట్టం కడిగిన కొన్నాళ్లకు గ్యాస్ తగ్గింది

ఫినాయిల్, బ్లీచింగ్ పౌడర్ కలిసిన నీళ్లు గుంటలోకి పోతున్నాయేమో చూసి కాలువ మళ్లించండి. యాంటీబయాటిక్ మందులు పడుతున్న పశువు పేడను ఆ కొన్ని రోజులు పెంటకుప్పకు వేయండి.

సమస్య: మంట ఎగిరెగిరి పడుతోంది

దీనికి జీవులతో సంబంధం లేదు. పైపు వంపులో నీరు చేరింది. వాల్వు మూసి, పల్లపు చోట పైపు విప్పి నీరు వంచేయండి. తిరిగి బిగించాక అతుకుల మీద సబ్బు నురగ రాసి చూడండి. బుడగలు లేస్తే అక్కడ గ్యాస్ కారుతున్నట్టే.